పిడికెడు బియ్యం డబ్బా

మా అత్తయ్యగారు నా కంట పడకుండా దాచిన వస్తువుల్లో మొదటిది గొడుగు. రెండోది కొబ్బరి ఈనెల చీపురు. మూడోది మా ఆయన సైకిలు పంపు.

దాచరూ మరి! మే నెలలో పెళ్లయి ఈ ఇంటికి వచ్చాను. జూలై నాటికి ఆ మూడింటికీ బొమ్మలు వేసేశాను. గొడుగునైతే రెండుసార్లు వేశాను. ఒకసారి ముడుచుకుని గోడకి జారబడి ఉన్నప్పుడు, ఇంకోసారి వానలో తడిసి వచ్చి వసారాలో బోర్లా కూర్చుని నీళ్లు కారుస్తున్నప్పుడు. రెండో బొమ్మ చూసి మా ఆయన, "ఇది అచ్చం మా హెడ్మాస్టారే విజయా, ఇన్‌స్పెక్షన్ అయిపోయాక" అన్నారు. ఆయన పేరు ప్రకాశరావు. మలికిపురానికి ఇవతల మా ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతారు. లెక్కల మాస్టార్లు ఇంతగా నవ్విస్తారని పెళ్లికి ముందు నాకెవరూ చెప్పలేదు.

కాకినాడలో బి.ఎ. చదువుతున్నప్పుడు సాయంత్రాలు ఒక మేడమ్ గారి దగ్గర నీటిరంగులు నేర్చుకున్నాను. ఆవిడ బల్లమీద తెల్లటి దుప్పటి పరిచి, దానిమీద గాజు కూజా పెట్టి, అందులో ప్లాస్టిక్ గులాబీలు నాలుగు గుచ్చి, "ఊఁ, వెయ్యండి" అనేవారు. మూడేళ్లు అవే గులాబీలు. వాడిపోవు, రేకు రాలదు, చీమ పట్టదు. చివరికి కళ్లు మూసుకుని కూడా వేయగలిగేదాన్ని.

ఈ ఇంట్లోకి వచ్చాక నాకు తెలిసిందేమిటంటే, వస్తువుని నేను సర్దిపెట్టకూడదు. వెతుక్కుంటూ పోనూ కూడదు. ఏదో పనిమీద వెళుతుంటే అది దానంతట అది అక్కడ ఉండాలి. నేను ఆగిపోవాలి. పొయ్యి మీద పాలు పొంగినా సరే ఆగిపోవాలి. పాలు రెండుసార్లు పొంగాయి. ఆ పొంగిన గిన్నెని కూడా వేద్దామనుకున్నాను గానీ, అత్తయ్యగారు అప్పటికే తోమేశారు.

మా ఆయన సాయంత్రం బడి నుంచి వస్తూ బజ్జీలు తెస్తారు. బజ్జీలు ఇద్దరం తినేశాక ఆ నూనె కాగితాన్ని నేను కిటికీకి అడ్డం పెట్టి చూస్తే, నూనె మరకల్లోంచి వెలుతురు పచ్చగా దిగుతుంది. అదీ వేశాను. దాన్ని ఆయన తన లెక్కల పుస్తకంలో దాచుకుని స్కూలుకి పట్టుకెళ్లారు. స్టాఫ్ రూములో అందరికీ చూపించి, "మా ఆవిడ వేసిన కాగితం, దీన్ని మీరు తినలేరు" అన్నారట.

"అన్నీ వేస్తున్నావు. నన్నెప్పుడు వేస్తావు?" అని అడిగారొక రోజు.

"మీరు కదలకుండా ఉండలేరు కదండీ."

"అంటే చీపురుకున్న విలువ నాకు లేదన్నమాట."

"చీపురు ఎక్కిరించదు" అన్నాను. ఆయన అరగంటసేపు కదలకుండా కూర్చుని చూపించారు. ఆ అరగంటలో నేను వేయడం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను, అది వేరే సంగతి.

ఇక మా అత్తయ్యగారి సంగతి. ఆవిడ పేరు ఎలీసమ్మ. ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు. ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఇప్పుడు మా చర్చి స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. మావయ్యగారు మత్తయి గారు పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన ఫొటో ముందు గదిలో నల్లటి కొయ్య ఫ్రేములో ఉంటుంది. దాని అద్దం మీద అడుగున బంగారు రంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు. ఆవిడ రోజూ ఆ అద్దం తుడిచి గానీ కాఫీ తాగరు.

అత్తయ్యగారికి బొమ్మలంటే కోపం లేదు. ఆవిడ బాధల్లా నేను వేసే వస్తువులతోనే. "పాతవీ, విరిగినవీ, మాసినవీ ఏరి ఏరి వేస్తావేంటమ్మా! చూసినోళ్లు మనకింక వేరే సామానే లేదనుకోరూ? బీరువా మీద కొత్త స్టీలు బిందె ఉంది, నీ పెళ్లికిచ్చిందే, అది వెయ్యచ్చు కదా?"

స్టీలు బిందె చూసినప్పుడు నాకు కాళ్లు ఆగవు. ఏం చెయ్యను?

ఆగస్టు పదకొండో తారీకు, మంగళవారం. ఆ తారీకు నేను మర్చిపోయే వీలు లేకుండా పోయింది, ఎందుకో చెబుతాను. రెండు రోజుల ముసురు తర్వాత ఆ పొద్దున ఎండ వచ్చింది. అత్తయ్యగారు వంటింట్లో ఎసట్లో పోయడానికి బియ్యం కొలుస్తున్నారు. కొలిచాక, కడగబోయే ముందు, చేటలోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేశారు. అది ఆవిడ రోజూ, రెండు పూటలా చేసే పనే. మా అమ్మా చేసేది. మా చర్చి ఆడవాళ్లంతా చేసేదే. వండే ప్రతిసారీ ఒక పిడికెడు దేవుడికి పక్కన పెట్టి, ఆదివారం అందరూ తెచ్చి బలిపీఠం ముందున్న గంపలో పోస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బు స్త్రీల సమాజానికి చేరుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నదే గనుక నేనెప్పుడూ దాన్ని చూడలేదు.

ఆ రోజు చూశాను. అదొక పాలపొడి డబ్బా. మీద రంగు ఏనాడో పోయింది. ఒక పక్క పెద్ద సొట్ట. చిన్నప్పుడు మా ఆయన దాన్ని వికెట్టుగా నిలబెట్టి క్రికెట్ ఆడారట. అసలు మూత ఎటుపోయిందో, దాని బదులు నున్నగా అరగదీసిన కొబ్బరి చిప్ప బోర్లించి ఉంటుంది. అత్తయ్యగారు చిప్ప ఎత్తి, బియ్యం వేసి, చిప్పని సరిగ్గా మూయకుండా ఓరగా వదిలేసి వెళ్లారు. ఆ సందులోంచి నాలుగు గింజలు గట్టుమీద పడ్డాయి. కిటికీలోంచి ఎండ ఒక పలకలాగా వచ్చి సొట్ట మీద ఆగింది.

నేనూ ఆగాను. చేతిలో ఉల్లిపాయలు అలాగే కింద పెట్టి, కాగితం, రంగులు తెచ్చుకుని గడపలో కూర్చున్నాను. రెండు గంటలు పట్టింది. చిప్ప కింది నీడ దగ్గర కాస్త ఇబ్బంది పడ్డాను గానీ, అది కుదిరాక నాకే నవ్వొచ్చింది. బొమ్మ బాగా వచ్చినప్పుడు నాకు తెలుస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే వీధిలోంచి లీలావతి గారి గొంతు వినిపించింది. ఆవిడ సమాజం సెక్రటరీ. "ఎలీసమ్మగారండీ, ఉన్నారా?"

అత్తయ్యగారు ఒక్క ఉరుకున వంటింట్లోకి వచ్చి, ఆ డబ్బా తీసి తలుపు చాటున పెట్టేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని ముందు గదిలోకి వెళ్లారు. ఎవరొచ్చినా అంతే. ఆ డబ్బా తలుపు చాటుకి పోవలసిందే.

లీలావతి గారు వచ్చిన పని ఏమిటంటే, సమాజం వాళ్ల కొత్త హాలు. తొమ్మిదేళ్లుగా కడుతున్న హాలు పూర్తయింది. ఇరవై మూడో తారీకు ఆదివారం ప్రతిష్ఠ. ముందు గోడకి రెండు పటాలు పెట్టాలనీ, ఒకటి సెక్రటరీ ఇంటినుంచి, ఒకటి ప్రెసిడెంటు ఇంటినుంచి రావాలనీ ఎప్పుడో అనుకున్నారు.

"మా కోడలు హంసలు కుట్టేసిందండి. పట్టుదారం. నాలుగు హంసలు, చెరువు, వెనకాల మంచుకొండలు. మీ ఇంట్లో ఎంతవరకూ వచ్చిందండీ? మీ కోడలు బియ్యే కదా, పెద్దదే వేస్తూ ఉంటారు."

"ఆయ్, అయిపోవచ్చిందండి" అన్నారు అత్తయ్యగారు, నేను ఏమీ మొదలుపెట్టలేదని తెలిసి కూడా.

"సీనరీయేనాండీ?"

"సీనరీ కాక ఇంకేంటుంటదండీ!"

నేను గుమ్మంలోకి వచ్చాను. నా చేతికింకా రంగు ఉంది. "అయిపోయిందండి పిన్నిగారూ" అన్నాను. "ఇవాళే అయిపోయింది."

లీలావతి గారు వెళ్లాక అత్తయ్యగారు బొమ్మ చూశారు. చూసి కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఇదా!"

"ఇదేనండి అత్తయ్యగారూ."

"హాల్లోనా!"

"హాలు కట్టింది ఇదే కదండీ. తొమ్మిదేళ్ల పిడికెడు బియ్యంతోనే కదా గోడలు లేచాయి? మంచుకొండలతో కాదు కదా."

"చూడమ్మా విజయా." ఆవిడ గొంతు టీచరు గొంతు అయింది. "మా అమ్మ కూలికెళ్లి, తెచ్చిన గింజల్లోంచి పిడికెడు తీసేది. ఒక్కోసారి తీసేక ఇంక కుండలో చాలేవి కాదు. అప్పుడు చర్చిలో మేవంతా కింద కూచునేవోళ్లం. ఇప్పుడు కుర్చీలేసుకుని, ఫ్యాన్లేసుకుని కూచునే హాలు కట్టుకున్నాం. ఆ హాల్లో గోడమీద కూడా సొట్ట డబ్బాయేనా? పక్కన ఆవిడ హంసలూ, నా డబ్బా. ఆడాళ్లు నవ్వరూ?"

అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడకి ఇది బొమ్మ గొడవ కాదని. అయినా నేను తగ్గలేదు. బొమ్మ బాగుందని నాకు తెలుసు.

"నవ్వరండి."

"నవ్వితే?"

"నవ్వితే నేనింక ఈ ఇంట్లో ఒక్క వస్తువు కూడా వెయ్యను. అన్నీ హంసలే వేస్తాను. నవ్వకపోతే మాత్రం మీరు నా దగ్గర ఏదీ దాచకూడదు."

అత్తయ్యగారు మావయ్యగారి ఫొటోకేసి ఒకసారి చూశారు. "సరే, మాట మాటే. ఒక్క నవ్వు వినబడిందంటే హంసలే."

ఆ రాత్రి మా ఆయన, "హంసలు వెయ్యడం వచ్చా నీకు?" అని అడిగారు.

"రాదు."

"మరి ఎలా ఒప్పుకున్నావు?"

"నవ్వరు కదా, ఇంక రావలసిన అవసరం ఏముంది?" అన్నాను. లెక్కల మాస్టారికి నా లెక్క నచ్చింది.

పదిహేనో తారీకు స్కూల్లో జెండా ఎగరేశాక మధ్యాహ్నం సెలవు. ఇద్దరం సైకిలు మీద మలికిపురం వెళ్లాం. నేను వెనక కూర్చుని బొమ్మని రెండు అట్టల మధ్య పెట్టి గుండెకి హత్తుకున్నాను. కాలవ గట్టు పొడుగునా ఆయన ఈల వేస్తూ తొక్కారు. ఎదురొచ్చిన కొబ్బరికాయల బండి వాళ్లు దారిచ్చి మరీ నవ్వారు. పెళ్లయిన కొత్తలో లోకమంతా మనకి దారిస్తుంది.

మలికిపురంలో పెద్దిరాజు గారి ఫ్రేముల కొట్టు ఉంది. మావయ్యగారి ఫొటోకి ఫ్రేము కట్టింది ఆయనేనని మా ఆయన చెప్పారు. నన్ను కొట్టు దగ్గర దించి, ఆయన సైకిలు చక్రానికి గాలి పెట్టించడానికి వెళ్లారు. (పంపు ఎక్కడుందో అత్తయ్యగారికే తెలియాలి.)

పెద్దిరాజు గారు పెద్దమనిషి. కళ్లజోడు పైకి తోసుకుని బొమ్మని చాలాసేపు చూశారు.

"డబ్బా కదమ్మా ఇది?"

"ఆయ్, డబ్బాయేనండి. మా అత్తయ్యగారిది. ఎలీసమ్మ గారని, టీచరుగా చేసేరు."

"మత్తయి గారి భార్య కదూ! మత్తయి గారికి నేనే కట్టేను."

"అందుకే మీ దగ్గరికే వచ్చేమండి. మావయ్యగారికి ఎలా కట్టేరో అచ్చం అలాగే అత్తయ్యగారికీ కట్టాలి. తేడా రాకూడదు."

నా ధ్యాసంతా ఆ నల్ల ఫ్రేము మీదే ఉంది. తెల్లగోడ మీద ఆ నలుపు, దాని లోపల డబ్బా మీది ఎండ. అది కళ్లముందు కదులుతుంటే నా ముఖంలో ఒకటే నవ్వు.

పెద్దిరాజు గారు కళ్లజోడు తీసేశారు. "అయ్యయ్యో. నాకు తెలీనే లేదమ్మా. ఎప్పుడు?"

"మొన్న మంగళవారమండి. పదకొండో తారీకు."

"ఉన్నట్టుండేనా?"

"ఉన్నట్టుండేనండి. పొద్దున్నే వంటింట్లో. కిటికీలోంచి అలా వెలుగు పడింది, అంతే!"

"వెలుగు పడిందా" అన్నారాయన మెల్లగా. "ఎక్కువ బాధ లేకుండానే…?"

"అబ్బే, రెండు గంటల్లో అయిపోయిందండి. చివర్లో నీడ దగ్గర కొంచెం ఇబ్బందయింది గానీ, తర్వాత అంతా ప్రశాంతం."

"మీరు దగ్గరే ఉన్నారన్నమాట."

"నేను కాక ఇంకెవరుంటారండీ!" అన్నాను గర్వంగా.

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఉక్క పోస్తోందనుకున్నాను. "ఆవిడ ఫొటో ఒకటుంటే బాగుండేదేమోనమ్మా?"

"ఫొటో ఎందుకండీ? ఈ డబ్బా చాలు. ఆవిడంతా ఇందులోనే ఉన్నారు."

ఆ మాటకి ఆయన బొమ్మని రెండు చేతులతో ఎత్తి లోపలికి తీసుకెళ్లారు. అంత మర్యాదగా నా బొమ్మని అంతకుముందు ఎవరూ పట్టుకోలేదు. కాకినాడ మేడమ్ గారైతే వేలితో పొడిచి చూపించేవారు. ఇలాంటి కళాభిమాని మలికిపురంలో ఉన్నారని దారంతా మా ఆయనకి చెబుతూ వచ్చాను.

వారం తర్వాత శనివారం సాయంత్రం, మా ఆయన ఒక్కరే వెళ్లి పటం తెచ్చారు. న్యూస్‌పేపర్లు చుట్టి, కొబ్బరి తాడుతో గట్టిగా కట్టి ఉంది.

"అద్దం మీద రంగు ఇంకా పచ్చిగా ఉందట. రేపు హాల్లోనే విప్పమన్నారు" అన్నారు.

"అద్దం మీద రంగేంటండీ? రంగు కాగితం మీద కదా?"

"ఏమో మరి. అంచుకి వేసి ఉంటారు." సైకిలు స్టాండు వేసి, నవ్వుతూ నా దగ్గరికి వచ్చారు. "పెద్దిరాజు గారు నా రెండు చేతులూ పట్టుకుని, 'ధైర్యంగా ఉండాలి మాస్టారూ, ఎవరికైనా తప్పదు' అన్నారు. పెళ్లి సంగతి ఆయనదాకా వెళ్లిందన్నమాట. మీ ఆవిడ చాలా నిబ్బరం గల మనిషి, ఎంతో నవ్వుతూ మాట్లాడింది అని కూడా అన్నారు."

"మీరేమన్నారు?"

"అలవాటైపోతుందిలెండి అన్నాను."

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. అత్తయ్యగారు లోపల్నుంచి, "ఆ నవ్వులేవో రేపటికి దాచుకోండి" అని కేకేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం హాలుకి వెళ్లాం. కొత్త సున్నం వాసన. గుమ్మానికి రంగు కాగితాల తోరణం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించారు. ఆడవాళ్లంతా లోపలికి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. కొందరు అలవాటు కొద్దీ కిందే కూర్చుంటే అత్తయ్యగారు తిరిగి తిరిగి ఒక్కొక్కరినీ లేపి కుర్చీల్లో కూర్చోబెట్టారు. కూలికి వెళ్లే వీరాయమ్మ అయితే కుర్చీ అంచున అంగుళం మేర మాత్రమే ఆనింది.

ముందు హంసలు విప్పారు. నిజం చెప్పొద్దూ, కుట్టు పని చాలా నాజూగ్గా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. హంసలు మాత్రం కూజాలో గులాబీల్లాగే ఉన్నాయి.

"ఇప్పుడు మా ప్రెసిడెంటు గారి ఇంటినుంచి" అన్నారు లీలావతి గారు.

అత్తయ్యగారే తాడు విప్పారు. కాగితాలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. ఆవిడ పటం ఎత్తి, తను చూడకుండానే, జనం వైపు తిప్పి పట్టుకున్నారు.

ఎవరూ నవ్వలేదు.

నేను మనసులో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఎవరూ నవ్వలేదు! ముందు వరసలో వాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఎంత మౌనం! నా బొమ్మకి ఇంత మౌనమా అని నేను మురిసిపోతుండగా, లీలావతి గారు కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగారు. అద్దం అడుగున బంగారు రంగు అక్షరాలు మెరుస్తున్నాయి. సెక్రటరీ కదా, ఏది కనిపించినా పైకి చదవడం ఆవిడకి అలవాటు.

"'ప్రభువునందు నిద్రించిన శ్రీమతి ఎలీసమ్మ గారి జ్ఞాపకార్థము. తేదీ 11-8-1981.'"

పెద్దిరాజు గారు కొట్లో అడిగినవి గుర్తొచ్చాయి. ఎప్పుడు? ఉన్నట్టుండేనా? వెలుగు పడిందా? ఆ మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా చెవిలో కూర్చున్నాయి. గోడ పక్కన నిలబడ్డ మా ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు వీరాయమ్మ కుర్చీలోంచి లేచింది. "అదేంటండీ టీచరుగారూ? మరి తమరిక్కడే ఉన్నారు కదండీ!"

అంతే. హాలు పగిలిపోయింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత వరసలకి వరసలు ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వారు. పాస్టరు అయ్యగారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు గానీ బైబిలు కూడా ఊగుతోంది. ఒక్క నవ్వు వినబడిందంటే హంసలే అన్నారు అత్తయ్యగారు. ఇక్కడ ఎనభై నవ్వులు వినబడుతున్నాయి. నా జీవితమంతా తెల్లటి హంసలు బారులు తీరి ఈదుకుంటూ వస్తున్నట్టు అనిపించింది.

అత్తయ్యగారు పటాన్ని తన వైపు తిప్పుకుని చదువుకున్నారు. రెండుసార్లు చదివారు. తర్వాత తలెత్తి, ముప్పై ఏళ్లు పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతుతో అన్నారు, "నిద్దరోయినోళ్లని ఇంత గోల పెట్టి లేపుతారా ఎక్కడైనా?"

మళ్లీ నవ్వులు. ఈసారి ఆవిడా నవ్వుతున్నారు.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ వీరాయమ్మ దగ్గరికి వచ్చింది. అక్షరాలు ఆమెకి రావు. ఆమె చూసింది బొమ్మనే. "ఇది మా ఇంటి డబ్బాయేనండి టీచరుగారూ! ఈ సొట్ట కూడా ఉందండి. మాది అటేపు."

"మాదీ చిప్ప మూతేనండీ" అంది వెనక నుంచి ఎవరో. "మాది నూనె డబ్బా, పక్కన చిల్లుంటది, గుడ్డ కుక్కుతాను." "మా అత్తది, మూతి దగ్గర ఇలాగే తుప్పు." ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వచ్చారు. ఒకావిడ గట్టుమీద పడ్డ గింజలు చూసి, "అయ్యో, పారబోసేరండీ" అని వేలితో అద్దం మీద ఏరబోయింది. ఆ వేలిని చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇక్కడ రాయలేను. రాయడం చేతకాక కాదు, రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

లీలావతి గారికి ఈ సందడి నచ్చలేదు. "ఎలీసమ్మగారూ, మీ డబ్బాకి మూత లేదాండీ? ఒక్క మాట చెబితే మా ఇంట్లోంచి స్టీలు డబ్బా పంపించేదాన్ని కదండీ."

నేను అత్తయ్యగారి ముఖం వైపు చూశాను. తలుపు చాటున డబ్బా దాచే ముఖం వస్తుందేమోనని భయపడ్డాను.

"మూతున్న డబ్బాల బియ్యం ఏ గోడకొచ్చేయో, చిప్ప మూతల బియ్యం ఏ గోడకొచ్చేయో తెలీదు గానండీ లీలావతిగారూ, నాలుగు గోడలూ లేచేయి కదండీ? మీ హంసలు ఈ మేక్కి. నా డబ్బా ఆ మేక్కి" అన్నారు అత్తయ్యగారు, చాలా మర్యాదగా.

"అయితే ఆ అక్షరాలు?" అన్నారు పాస్టరు అయ్యగారు. "అద్దం మార్పించాక పెడదామా అమ్మా? బతికున్న మనిషికి ఇలాగ…"

అత్తయ్యగారు పటాన్ని దూరంగా పెట్టి, ఓ పక్కకి తల వంచి చూశారు. పిల్లల కాపీ పుస్తకం దిద్దేటప్పుడు చూసినట్టే చూశారు. "అక్షరాలు ముచ్చటగా రాసేడండి. తప్పులు కూడా లేవు. ఎప్పటికైనా పనికొచ్చేవే కదండీ, మళ్లీ రాయించడం దేనికి? తేదీ ఒక్కటీ గీకేస్తే సరి. ప్రకాశం, ఇంటికెళ్లి నీ బ్లేడు పట్రా."

మా ఆయన సైకిలు మీద వెళ్లి బ్లేడు తెచ్చారు. అందరూ చుట్టూ మూగి, "మెల్లగా మాస్టారూ, పేరుకి తగలనీకండి" అని సలహాలు చెబుతుంటే, పచ్చి రంగు మీంచి తేదీని అంకె అంకెగా గీకేశారు. చివరి ఒకటి దగ్గర వీరాయమ్మ, "అమ్మయ్య, బతికేరు" అంది.

ఇంటికి వస్తుంటే సన్నగా వాన మొదలైంది. అత్తయ్యగారు సంచిలోంచి గొడుగు తీశారు. అన్నాళ్లూ నా కంట పడకుండా దాచిన గొడుగే. ఇద్దరం దాని కింద నడిచాం. మా ఆయన వెనక తడుస్తూ సైకిలు నడిపించుకొస్తున్నారు.

నేనే ముందు మాట తీశాను. మాట మాటే కదా. "అత్తయ్యగారూ, అందరూ నవ్వేరు. నేను ఓడిపోయాను."

"ఎవరు చెప్పేరు?"

"అంతమంది నవ్వేరు కదండీ."

"వాళ్లు నవ్వింది నా చావుకి. నీ బొమ్మకి కాదు. నీ బొమ్మ చూసినప్పుడు ఎవరైనా నవ్వేరా? నేను వింటూనే ఉన్నాను." కొంచెం దూరం నడిచాక అన్నారు, "గొడుగు మడిచి ఉన్నప్పుడు బాగానే కనబడింది గానీ, దాని ఊచ ఒకటి విరిగింది చూసేవా?"

"రెండు విరిగాయండి" అన్నాను. "నేను వేశాను కదా."

మూడు రోజుల తర్వాత పెద్దిరాజు గారికి సంగతి తెలిసి, ముఖం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చారు. తలుపు తీసింది అత్తయ్యగారే. ఆయన గడపలో రెండడుగులు వెనక్కి వేశారు.

"రండి, రండి. నిద్ర లేచే ఉన్నాను" అన్నారావిడ. "కూచోండి, టీ తాగి వెళ్లండి."

ఆయన క్షమించమంటే, తప్పంతా నాదేనని నేను అన్నాను. మావయ్యగారిది ఎలా కట్టారో అచ్చం అలాగే కట్టమన్నది నేనే కదా. "అమ్మగారు అంత నవ్వుతూ చెప్పేరండి" అని ఆయన ఇంకా ఆశ్చర్యపోతూనే ఉన్నారు. కొత్త అద్దం వేసిస్తానంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

"తేదీ దగ్గర ఖాళీ వదిలించేనండి. మీ దగ్గర ఆ బంగారు రంగు కొంచెం అట్టేపెట్టండి. తొందరేం లేదు."

ఆ డబ్బా ఇప్పుడు తలుపు చాటుకి వెళ్లడం లేదు. లీలావతి గారు వచ్చినా గూట్లోనే ఉంటోంది. సైకిలు పంపు కూడా బయటికి వచ్చింది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు గనుక నిన్న నేను అత్తయ్యగారి చెప్పులు మొదలుపెట్టాను. గడప పక్కన ఒకటి తిన్నగా, ఒకటి బోర్లా. ఆవిడ వచ్చి చూసి, బోర్లా పడ్డదాన్ని సరిచేయడానికి వంగి, మళ్లీ ఏమనుకున్నారో అలాగే వదిలేసి వెళ్లిపోయారు.

పటం మాత్రం హాల్లో హంసల పక్కనే ఉంది. నెలకోసారి సమాజం మీటింగు జరుగుతుంది. ప్రెసిడెంటు కుర్చీ సరిగ్గా ఆ డబ్బా కిందే వేస్తారు. లీలావతి గారు లేచి రిపోర్టు చదవడం మొదలుపెడతారు. మూడో పేజీకి వచ్చేసరికి మా అత్తయ్యగారు, నెత్తిమీది 'నిద్రించిన శ్రీమతి ఎలీసమ్మ గారి' అన్న బంగారు అక్షరాల కింద, తల కొంచెం పక్కకి వాల్చి, హాయిగా నిద్రపోతారు. వీరాయమ్మ నాకేసి చూసి కన్ను గీటుతుంది. ఆమె ఇప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకునే కూర్చుంటోంది.